తడవకుండా దాచిన మిషను

వాన తగిలినా ఏమీ కాదని ఆ జీపీఎస్ మిషను వచ్చిన అట్టపెట్టె మీద రాసి ఉండేది. రాసినవాడు ఎవరో గాని, కార్తీక మాసంలో వడమాలపేట నుంచి పుత్తూరు వైపు సైకిలు తొక్కినవాడు మాత్రం కాదు. మా పక్క వాన వచ్చి పోయే రకం కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మూడు రోజులు ముసురు, ఒక రోజు తెరిపి, మళ్లీ ముసురు. వేసుకున్న చొక్కా ఆరేది కాదు, సైకిలు చైను తుప్పు పట్టేది, పొద్దున లేస్తూనే పనికి పోవాలని తలచుకుంటే ప్రాణం ఉసూరుమనేది.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన నాటి మాట ఇది. నేను తిరుపతిలో ఒక సర్వే కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాణ్ణి. ఏ పల్లె నుంచి రేషను షాపు ఎంత దూరమో కొలిచి రాయడం మా పని. జనం రెండు కిలోమీటర్లకు మించి నడవాల్సి వస్తుంటే, నెలకొకసారి బియ్యం బండి వాళ్ల పల్లెకే పంపుతారని మాకు చెప్పారు. అరచేతిలో ఇమిడే మిషను ఒకటి ఇచ్చారు. దాన్ని పాత ట్యూబు ముక్కతో సైకిలు హ్యాండిలుకు కట్టుకుని, షాపు దగ్గర మీట నొక్కి, జనం నడిచే దారినే పల్లె దాకా పోవాలి. ఆకాశంలోని ఉపగ్రహాలను చూసుకుంటూ అది మనం పోయిన దారంతా తెర మీద చుక్కలు పెట్టుకుంటూ వస్తుంది. చివర్లో దూరం చెబుతుంది.

ఎండాకాలంలో దానికి పేరు పెట్టడానికి లేదు. వానలు మొదలయ్యాకే దాని గుట్టు తెలిసింది. నీళ్లు అద్దంలోంచి పోవు. వెనక మూత చుట్టూ ఉండే రబ్బరు ఎండకు కాగి గట్టిపడి, గుంతల దారిలో ఊగి ఊగి వదులవుతుంది. అక్కణ్ణుంచి తేమ దూరి, వేడి కాఫీ ముందు కళ్లజోడు మసకబారినట్టు తెర లోపలి వైపు ఆవిరి పడుతుంది. ప్లాస్టిక్ కవరు చుట్టి చూశాను. తడి కవరు మీద వేలు పెడితే ఒక మీట నొక్కబోయి ఇంకొకటి పడేది. చింతచెట్ల కింద ఆకులు తడిసి ఉంటే ఉపగ్రహాలే దొరికేవి కావు. ఇంటికి తెచ్చి బియ్యం డబ్బాలో పూడ్చిపెడితే మర్నాటికి కాస్త తేరుకునేది. అన్నం రబ్బరు వాసన కొడుతోందని మా ఆవిడ మాత్రం నన్నూ మిషనునూ కలిపి తిట్టేది.

నాతో పాటు చేరిన ఒకాయన మిషను దీపావళి ముందు వానకు పూర్తిగా చచ్చిపోయింది. మా సూపర్‌వైజరును అందరం సారు అనేవాళ్లం. ఆ సారు వీధికంతా వినబడేటట్టు అరిచి, అతణ్ణి ఆ పూటే పనిలోంచి తీసేశాడు. "మిషను తడిపినోడు మళ్లా ఈడ కనబడగూడదు" అన్నాడు మా అందరి వైపూ చూసి. మా ఇంట్లో నా ఒక్కడిదే సంపాదన. ఆ మాట నా ఎముకల్లోకి దిగింది.

ఆ తర్వాతి వారం, వడమాలపేట దాటి కొండ వైపు ఉన్న ఒక చిన్న పల్లె నా వంతుకు వచ్చింది. ఇరవై ఇళ్లుంటాయి. రేషను షాపున్న ఊరికీ దానికీ మధ్య వాన నీళ్లు పారే లోతైన వంక. అడ్డంగా దిగడానికి లేదు, అంతా ముళ్లకంప. వరి కయ్యల గట్ల మీదుగా చుట్టు తిరిగి కల్వర్టు దాటాలి. షాపు దగ్గర మీట నొక్కి ఒక ఫర్లాంగు పోయానో లేదో, వాన దబదబా దిగింది. తెర మీద ఆవిరి మొదలైంది. నాకు సారు గొంతే వినబడింది. సైకిలు ఆపి, అంతకుముందే చిత్రాన్నం తిని ఖాళీ చేసిన స్టీలు టిఫిన్ డబ్బా తీసి, తుండుగుడ్డతో తుడిచి, మిషనును అందులో పెట్టి మూత బిగించాను. ఇంత తెలివి ముందే ఎందుకు రాలేదా అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

పల్లె మొదట్లోనే ఒకామె పంచలోకి రమ్మని పిలిచింది. యాభై దాటిన మనిషి. భర్తకు పక్షవాతం, లోపల మంచం మీద ఉన్నాడు. నెలనెలా బియ్యం ఆమే నెత్తిన మోసుకొస్తుంది.

"మా దోవ ఎంతుందో మిషను సెప్తాదా నాయనా?" అని అడిగింది.

"చెప్తాది పెద్దమ్మా."

"అట్లయితే బాగా సూసి రాసుకో. నా మోకాళ్లు ఇంక మొయ్యవు. ఆ బండి వొచ్చేటట్టు సెయ్యి, సాలు."

డబ్బా మూత తీశాను. మిషను పొడిగా, కరివేపాకు వాసన కొడుతూ ఉంది. కాసేపటికి ఉపగ్రహాలు దొరికాయి. తెర మీద వంక అవతల ఒక చుక్క, ఇవతల ఒక చుక్క, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు తిన్నటి గీత. నేను తిరిగిన వంపులేవీ అందులో లేవు. ఇదేమిటని ఒక్క క్షణం అనిపించింది. కాళ్లు లాగుతున్నాయి, బట్టలు ఒంటికి అతుక్కుపోయాయి, ఇంకా రెండు పల్లెలు మిగిలి ఉన్నాయి. మిషను చూపించిన దూరం రాసుకుని లేచాను.

నెలన్నర తర్వాత ఆఫీసుకు జాబితా వచ్చింది. ఆ పల్లె పేరు ఎదురుగా 'కిలోమీటరు లోపు, బండి అవసరం లేదు' అని ఉంది. అప్పుడు గాని నా బుర్రకు ఎక్కలేదు. స్టీలు డబ్బాలోకి ఉపగ్రహాల సంకేతం చేరదు. మూత పెట్టినంతసేపూ మిషనుకు కళ్లు లేవు. బయటికి తీయగానే, చివర చూసిన చోటికీ కొత్తగా చూసిన చోటికీ ఒక గీత గీసి ఊరుకుంది. ఆమె మూడున్నర కిలోమీటర్లు మోసుకొచ్చే దారిని వంక మీదుగా తేల్చేసింది.

సారుతో చెప్పాలంటే డబ్బా సంగతి చెప్పాలి. రేపు చెబుదామనుకున్నాను. అలాంటి రేపులు చాలా గడిచాయి. మధ్యలో ఒకసారి, వానల్లో మిషనును పాడు కానివ్వకుండా చూసుకున్నానని సారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. సిగ్గు లేకుండా తల ఊపాను.

మరుసటి ఏడు వానల్లో ఇంకేదో సర్వే మీద అటు పోతే, కల్వర్టు దగ్గర ఆమె ఎదురైంది. నెత్తిన బియ్యం మూట, అది తడవకుండా పైన యూరియా సంచి. మూట దించి నా సైకిలు క్యారియరు మీద పెట్టుకున్నాను. ఆ బురదలో తొక్కడానికి లేదు, తోసుకుంటూనే నడిచాం. ఆమె మూడు చోట్ల ఆగింది. ఒక చోట కూర్చుని లేవలేకపోతే చెయ్యి అందించాను.

"నువ్వు అంత వానలో వొచ్చి రాసుకోని పోతివి గదా నాయనా. వాళ్లే బండి ఈలేదు" అంది.

నన్ను తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. ఇంటి ముందు మూట దించాక, ఇక ఉండబట్టలేక మొత్తం చెప్పేశాను. డబ్బా, గీత, జాబితా, నా భయం, అన్నీ. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ విన్నది. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు.

"నాకు సెప్తే ఏమొస్తాది నాయనా" అంది. "నేనెట్లాగూ మోస్తానే ఉండా. ఆ సారుకు సెప్పు."

"రేపే చెప్తా పెద్దమ్మా."

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు పోయాను. సారు ఒక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. బల్లకు ఎదురుగా పోయి నిలబడ్డాను.

"ఏమప్పా, ఇంత పొద్దున్నే?" అన్నాడు.

"మిషనుకు బ్యాటరీలు కావాల సార్" అన్నాను.

సొరుగు లాగి రెండు ఇచ్చాడు. తీసుకుని బయటికి వచ్చేశాను.