పులస పులుసు విచారణ కమిటీ

మా భీమేశ్వరరావు గారికి ఉన్నది ఒకటే జబ్బు. ఏ విషయమైనా సరే, కమిటీ వేసి సాక్షుల్ని పిలిచి విచారణ జరిపితే తప్ప ఆయనకు అన్నం సహించదు. పప్పులో ఉప్పు ఎక్కువైతే మామూలు మనుషులు ఇంకాస్త అన్నం కలుపుకుని తినేస్తారు. ఆయన కంచం పక్కకు జరిపి, "ఉప్పు వేసిన అధికారి ఎవరండి?" అని మొదలుపెడతారు. కువైట్‌లోని సాల్మియాలో ఒక పాత బిల్డింగులో ఆయనతో ఒకే ఫ్లాటు పంచుకుంటున్న మేమంతా దీనికి అలవాటుపడిపోయాం. వేరే ఫ్లాటు అంతకన్నా చవగ్గా దొరకదు మరి.

ఈ జబ్బు ఆయనకు హైదరాబాదులో అంటుకుంది. కువైట్ రాకముందు శాసనసభలో కమిటీ హాలు అటెండరుగా పనిచేశారు. ప్రభుత్వం సభలో ఇచ్చిన హామీలు ఏమయ్యాయని అడిగే కమిటీ ఒకటుంటుంది, అది ఆయన వాటాకు వచ్చింది. ఒకవైపు ఎమ్మెల్యేలు, ఎదురుగా ఫైళ్ళు పట్టుకుని పెద్ద పెద్ద అధికారులు, మధ్యలో మంచినీళ్ళు పెడుతూ ఈయన. జిల్లా అంతటినీ గడగడలాడించే అధికారి, "ఆ వంతెన ఎందుకు పూర్తికాలేదు?" అని ఒక సభ్యుడు నెమ్మదిగా అడిగితే నీళ్ళగ్లాసు కోసం తడుముకోవడం ఆయన కళ్ళారా చూశారు. రాష్ట్రం రెండయ్యాక శాసనసభ అమరావతికి కదిలింది గానీ ఆయన కాంట్రాక్టు కదల్లేదు. ఇప్పుడు సబ్హాన్‌లో ఒక గోడౌనుకు స్టోర్‌కీపరు. మనసు మాత్రం కమిటీ హాల్లోనే ఉండిపోయింది.

శుక్రవారం భోజనాలయ్యాక, వారమంతా నిలబడి పనిచేసిన మనిషికి కళ్ళు మూతలుపడే సమయం చూసి మరీ కమిటీ సమావేశమవుతుంది. స్టీలుగ్లాసు మీద చెంచాతో కొడితే సభ మొదలైనట్టు. అధ్యక్షులు ఆయనే. చెప్పుల షాపులో సేల్స్‌మన్‌గా ఉన్న నన్ను, నాగేంద్రప్రసాద్ అనేవాణ్ణి, సభ్య కార్యదర్శిగా నియమించారు. ఆ పదవికి ఉన్న బాధ్యత బిస్కెట్లు కొనుక్కురావడం. నేరం మోపబడినవాడు బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చోవాలి, కానీ టీ మాత్రం అందరికన్నా ముందు అతనికే ఇవ్వాలి. ఇదేం పద్ధతని అడిగాను ఒకసారి.

"వంతెన మింగేసినాయనక్కూడా ముందు టీ ఇచ్చేవోళ్ళమండి. తప్పు తప్పే, మర్యాద మర్యాదే" అన్నారాయన.

కమిటీకి ఒక గట్టి నియమం కూడా ఉంది. విచారణ నడుస్తున్నంతకాలం, నివేదిక వచ్చేదాకా, ఎవరి మీదా ఎవరూ చర్య తీసుకోకూడదు. నివేదిక మాత్రం ఎప్పటికీ రాదు. మాతో ఉండే పెద్దమనిషి చిన్నపుల్లయ్యది లక్కిరెడ్డిపల్లె, ఒక ఆఫీసులో క్లీనరు. నేను ఈ ఫ్లాటులోకి రాకముందెప్పుడో ఆయన కుళాయి కట్టకుండా డ్యూటీకి వెళ్ళిపోతే, కింది ఫ్లాటులోకి నీళ్ళు దిగి, ఆయన్ని ఖాళీ చేయించాల్సిందేనని గొడవ జరిగిందట. దాని మీద కమిటీ పడింది. ఆ తర్వాత గొడవపడినవాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోయారు, ఆ కుళాయి కూడా మార్చేశారు, కేసు మాత్రం నడుస్తూనే ఉంది.

"నా కేసు యాడిదాకా వచ్చె సామీ?" అని చిన్నపుల్లయ్య అప్పుడప్పుడు అడుగుతాడు.

"పరిశీలనలో ఉందండి."

ఆ జవాబు విని ఆయన తృప్తిగా తన మంచం మీదకెళ్ళి పడుకుంటాడు. ఆ తృప్తి ఏమిటో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ముమ్మిడివరంలో ఉన్న అధ్యక్షుల భార్య నాగేశ్వరి గారికి కూడా కమిటీ నుంచి మినహాయింపు లేదు. గేదెను కొందామా అని ఆవిడ ఫోన్ చేస్తే, ఈయన పాల దిగుబడి, పచ్చగడ్డి, పాత యజమాని నడవడిక అన్నీ వారం వారం ఆరా తీసి, ఒకనాటికి ఇక సాక్ష్యాలు పూర్తయ్యాయన్నారు. "మీరు విచారిస్తుండగానే ఆ గేద ఈనిందండి. మనింట్లోనే" అన్నారావిడ. అధ్యక్షులు కాసేపు ఆలోచించి, దూడ విషయం విడిగా చూద్దామన్నారు.

నా శుక్రవారం నిద్రలన్నీ ఇలా కమిటీల పాలవుతుండగా, ఆగస్టులో పులస కేసు వచ్చింది.

రావులపాలెం సుబ్బు మా ఫ్లాటులోనే ఉంటాడు, హోటల్లో వంటమాస్టరు. సెలవు నుంచి తిరిగొస్తూ వాళ్ళమ్మ కట్టెల పొయ్యి మీద వండిన పులస పులుసును గడ్డకట్టించి, ఐసుపెట్టెలో పెట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టాడు. శుక్రవారం అందరం కలిసి తినాలని ముహూర్తం పెట్టాడు. గురువారం పొద్దున, మాతోనే ఉండే రాజంపేట పెంచల్ ఫ్రిజ్ ప్లగ్గు పీకి, ఆ బోర్డులో ఇస్త్రీపెట్టె పెట్టి, చొక్కా నలగకుండా చేసుకుని బయటకు వెళ్ళాడు. ఫ్రిజ్ ప్లగ్గు మళ్ళీ పెట్టడం మరిచిపోయాడు. సాయంత్రానికి ఆ వాసన లిఫ్టులో దిగి కిందికి కూడా చేరింది. బిల్డింగు కాపలా చూసే హారిస్, మెహతాబ్ అనేవాడు, పరుగెత్తుకొచ్చి, ఎవరైనా పోయారా అని హిందీలో అడిగాడు. అంతకన్నా ఎక్కువే జరిగిందన్నాడు సుబ్బు.

పెంచల్ నిజంగానే బాధపడ్డాడు. కానీ కడప వైపు మనిషి కదా, బాధపడుతూనే అనకూడని మాట అనేశాడు. "చేపే కదన్నా. శుక్రవారం మార్కెట్టుకు పోయి ఇంగోటి తెచ్చిస్తాలే."

గోదావరి మనిషితో పులస గురించి అలా మాట్లాడకూడదు. సుబ్బు మొహం పాలిపోయింది. వీడుంటే నేనుండను, ఈ వారంలోనే మంచం ఖాళీ చేయాలన్నాడు. వాళ్ళ బావమరిది వస్తున్నాడు, ఎలాగూ మంచం కావాలని కూడా చెప్పాడు.

పెంచల్‌కు అది మామూలు దెబ్బ కాదు. అతను పనిచేసే దుకాణం మూతపడింది. వీసా ఇచ్చిన పాత యజమాని, అదే కఫీల్, మంచివాడు కాబట్టి వేరేచోటికి మారడానికి ఒప్పుకున్నాడు. సబ్హాన్‌లో ఒక కంపెనీ తీసుకుంటానంది, ఆ ఇస్త్రీ చొక్కా ఆ ఇంటర్వ్యూ కోసమే. అయితే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఇఖామా, కొత్త కంపెనీ పేరుకు మారేదాకా వాళ్ళ పనివాళ్ళుండే క్యాంపులో చోటివ్వరు. ఈలోగా మేం గెంటేస్తే తలదాచుకోవడానికి అతనికి ఇంకో చోటు లేదు. ఇంటికి టికెట్టు కొనుక్కోవడమే.

భీమేశ్వరరావు గారు చెంచా తీసి గ్లాసు మీద కొట్టారు. పులస మరణంపై విచారణ కమిటీ ఏర్పాటైంది.

మొదటి శుక్రవారం పెంచల్ పేరు, తండ్రిపేరు, స్వగ్రామం నమోదు చేయడంతోనే టీ వేళ అయిపోయింది. మరుసటి వారం క్షేత్రపర్యటన. హాల్లోంచి వంటింటిదాకా కమిటీ మొత్తం నడిచివెళ్ళి, ఫ్రిజ్‌ను, ప్లగ్గును, బోర్డును చూసి, అంతే దూరం వెనక్కి నడిచొచ్చింది. ఇంకో వారం మెహతాబ్‌ను సాక్షిగా పిలిచారు. అతను హిందీలో చెప్పింది నేను తెలుగులో చెప్పాలి, అధ్యక్షులకు హిందీ నాకన్నా బాగా వచ్చినా సరే. వాసన ఏ అంతస్తులో మొదలైంది, లిఫ్టు అప్పుడు ఎక్కుతోందా దిగుతోందా అని ప్రశ్నలు. మెహతాబ్ లిఫ్టు సంగతి కనుక్కుని చెప్తానన్నాడు. సభ వాయిదా పడింది.

సుబ్బు పళ్ళు నూరుతున్నాడు. వాళ్ళ బావమరిది వేరేచోట సర్దుకున్నాడు గానీ ఇతని కోపం చల్లారలేదు. "ఇది తేల్చరా బాబాయ్?" అంటే, "కంగారుపడకండి, సాక్ష్యం పూర్తవ్వాలండి" అంటారాయన. నాకు సుబ్బు మీద జాలేసింది. అంతకన్నా నా నిద్ర మీద ఎక్కువ జాలేసింది.

ఆ మధ్యలో ఒక గురువారం షాపు సరుకు కోసం సబ్హాన్ వెళ్ళాను. పెంచల్‌ను తీసుకుంటానన్న కంపెనీ ఆ వీధిలోనే ఉంది. తలుపు తెరిచి ఉంటే లోపలికి చూశాను. కాగితాల పనులు చూసే మందూబ్ కుర్చీలో వెనక్కివాలి ఫోన్ చూసుకుంటున్నాడు. ఎదురుగా చేతులు కట్టుకుని మా అధ్యక్షులు నిలబడి ఉన్నారు. ఆయన వెనక ఇస్త్రీ చొక్కాలో పెంచల్. మందూబ్ టేబులు మీద ఒక బిస్కెట్ల పొట్లం ఉంది. అది కమిటీ కోసం నేను కొన్నదే.

భీమేశ్వరరావు గారు వచ్చీరాని అరబీలో, మా దగ్గర వాడే గొంతు ఏమాత్రం వాడకుండా, పెంచల్ కాగితం ఎందాకా వచ్చిందని అడిగారు. మందూబ్ తలెత్తకుండానే మళ్ళీ వచ్చే గురువారం రమ్మన్నాడు. ఆయన షుక్రన్ చెప్పి, పొట్లం అతనికి దగ్గరగా జరిపి, వెనక్కి తిరిగారు.

అప్పుడు నాకు అంతా తెలిసింది. మందూబ్ ప్రతి గురువారం ఇంకో వారం గడువు చెప్తే, ఈయన మర్నాడు శుక్రవారం విచారణను ఇంకో వారానికి వాయిదా వేస్తున్నారు. కుర్చీలో కూర్చోవడమంటే అంత ఇష్టపడే మనిషి, ఇంకొకడి కోసం వారం వారం వచ్చి ఇక్కడ నిలబడుతున్నారు. నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. గుమ్మంలో ఎదురుపడితే ఏంటండీ ఇదని అడిగాను.

"కమిటీ పరిశీలనలో ఉన్న విషయం బయట మాట్లాడకూడదండి. రేపు బిస్కెట్లు రెండు పొట్లాలు తెండి" అన్నారు.

బయట మాట్లాడకూడదన్నారు కాబట్టి ఇంటికొచ్చాక వంటింట్లో సుబ్బుతో మాట్లాడాను. అతను ఉల్లిపాయలు తరుగుతూ అంతా విన్నాడు.

మర్నాడు విచారణలో అధ్యక్షులకు చిక్కొచ్చిపడింది. లిఫ్టు దిగుతోందని మెహతాబ్ తేల్చేశాడు. చిన్నపుల్లయ్య తనకు తెలిసిందీ తెలియనిదీ మొత్తం చెప్పేశాడు. పిలవడానికి ఇంక సాక్షి లేడు. భీమేశ్వరరావు గారు చెంచా చేత్తో పట్టుకుని గ్లాసువైపు, పెంచల్‌వైపు చూస్తున్నారు. పెంచల్ పెయింటు డబ్బా మీద తలవంచుకుని కూర్చున్నాడు. ఆ గదిలో నివేదిక రావడమంటే ఏమిటో అందరికీ తెలుసు.

సుబ్బు లేచి నిలబడ్డాడు. "అధ్యక్షా, అసలు సాక్షిని మీరు పిలవనే లేదండి. ఆ పులుసు వండింది మాయమ్మ. ఆవిడ మాటినకుండా ఎలా తేలుస్తారండి?"

"ఆవిడ ఇప్పుడు ఫోన్లో దొరుకుతారా అండి?"

"దొరకదండి. మా పిన్నిగారింటికెళ్ళింది. మళ్ళీ వారం దాకా రాదండి."

వాళ్ళమ్మతో అతను పొద్దున్నే అరగంట మాట్లాడటం మేమంతా విన్నాం. అధ్యక్షులు కూడా విన్నారు. ఆయన సుబ్బును ఒక క్షణం చూసి, గ్లాసు మీద మెత్తగా కొట్టి, సభను వాయిదా వేశారు. టీ ఆ రోజు సుబ్బుకు ముందిచ్చారు.

ఆ తర్వాత సుబ్బు వాళ్ళమ్మ పిన్నిగారింట్లోనే ఉండిపోయింది, పెంచల్ ఇఖామా వచ్చేదాకా. వచ్చిన శుక్రవారం అతను క్యాంపుకు వెళ్ళడానికి పెట్టె సర్దుకుని, మాకందరికీ మార్కెట్టు నుంచి చేప తెచ్చాడు. సుబ్బు దాన్ని పులుసు పెట్టి, పులస కాదుగానీ తినొచ్చన్నాడు. భోజనాలయ్యాక భీమేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. మా చరిత్రలో మొదటిసారి ఒక నివేదిక సమర్పించి, కేసు మూసేస్తున్నామన్నారు.

పెంచల్ పెట్టె కింద పెట్టి, తనంతట తనే వెళ్ళి పెయింటు డబ్బా మీద కూర్చున్నాడు.

"ముయ్యద్దు సార్. రేపు ఆ క్యాంపులో ఏమన్నా అయితే నేను యాడికి పోవాల? నా కేసు అట్నే ఉండనీండి."

"అదే మంచిది నాయనా, నాది ఇన్నేండ్లుగా అట్నే పెట్టుకోలేదా?" అన్నాడు మంచం మీంచి చిన్నపుల్లయ్య.

భీమేశ్వరరావు గారు మా అందరి మొహాలూ చూశారు. తర్వాత చాలా గంభీరంగా చెంచా అందుకుని, ఈ వ్యవహారంలో ఇంకా లోతుగా విచారించవలసింది ఉందని ప్రకటించారు. పెంచల్ తృప్తిగా టీ అందుకున్నాడు. నేను బిస్కెట్ల పొట్లం విప్పాను.