వంతెన అవతలి నర్సు

మంచాన పడ్డ అత్తగారి వీపు మీది పుండుకు కట్టు మార్చడం దర్జీ పని చేసే కోడలికి చేతకాలేదు. ఇంటికొచ్చి కట్టు కట్టే నర్సు కోసం ఆరోగ్య కార్యాలయానికి వెళ్ళింది.

"ఈ ఊళ్ళో ఆ సదుపాయం లేదమ్మా. వంతెన అవతలి ఊళ్ళో అయితే రోజూ ఇంటికే వస్తారు," అన్నాడు గుమాస్తా.

"ఆ నర్సు వంతెన దాటి ఇటు రాలేదా?"

"రాదు. అక్కడుండేవాళ్ళకే."

అక్కడుండేది ఆమె తోడికోడలు. ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఫోన్ చేస్తే, "మా ఇల్లేమన్నా సత్రమా?" అని పెట్టేసింది.

మర్నాడు దర్జీ వ్యాను మాట్లాడి, అత్తగారితో పాటు కుట్టుమిషన్ కూడా ఎక్కించింది. తోడికోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎవర్నడిగి తెచ్చావ్?"

"నీ మొగుణ్ణి కన్నతల్లిని తేవడానికి నిన్నడగాలా? జరుగు. పుండు మానేదాకా నేనూ ఇక్కడే."

"నా ఇంట్లో నీకు మంచినీళ్ళు కూడా పుట్టవు."

"కుళాయి తిప్పడం నాకూ వచ్చులే."

నర్సు రోజూ వచ్చింది. తోడికోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూడలేదు. అత్తగారు మాత్రం ఇద్దరినీ సమంగా తిట్టింది. చివరికి పుండు మానింది.

దర్జీ అత్తగారిని మళ్ళీ వ్యానెక్కిస్తుంటే, "హమ్మయ్య, శని వదిలింది," అంది తోడికోడలు.

"అప్పుడే పొంగిపోకు. పుండు మళ్ళీ లేస్తే మళ్ళీ దిగుతాం," అంది దర్జీ.