ఎక్కే ముందు ఒక దణ్ణం

బర్మాలోని యాంగాన్‌లో ఒక సాయంత్రం, క్లైంబింగ్ హాల్లో నాకు జోడీగా లక్ష్మి దొరికింది. నదికి అవతలి ఒడ్డునున్న దలా ఊరి అమ్మాయి, ముత్తాతలది శ్రీకాకుళం. నడుముకు తాడు కట్టుకుని, కింద ఆ తాడు పట్టుకోబోతున్న నాకు దణ్ణం పెట్టింది.

"ఎందుకమ్మా?" అన్నాను.

"మీ తలకంటే పైకి నా కాళ్ళెల్తాయి కదా బాబాయ్. పెద్దోరి దగ్గర ఇక్కడ అది తప్పు. ముందే మన్నించమనాల."

బ్రిటన్‌లో వేల్స్ కొండలు ఏళ్ళ తరబడి ఎక్కినవాణ్ణి. అక్కడ ఎక్కేముందు ఒకరి తాడు ముడి ఒకరం చూసుకునేవాళ్ళం, అంతే.

నా వంతు రాగానే నేనూ దణ్ణం పెట్టాను.

"మీరు నాకు దణ్ణమెట్టకూడదు," అని కంగారుపడింది.

"నా ప్రాణం నీ చేతిలో ఉంది. దిగేదాకా నువ్వే పెద్దదానివి."

నా ముడి మరోసారి లాగి చూసింది.

"అయితే నా మాటినాల. కిందికి సూడకు నాయనా."