క్యాంటీన్ గోడ పక్కన చెప్పిన మాట

దయ్యాలు, ఆత్మలు అని నా ముందు ఎవరైనా మొదలుపెడితే ఒళ్ళు మండేది. నేను డాక్టర్ని, మహబూబ్‌నగర్‌లో ఒక ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తాను. "ఆ మూల బెడ్ మంచిది కాదట మేడమ్" అన్న నర్సును కూడా కసిరేదాన్ని. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. బీరయ్య సంగతి మాత్రం మింగుడు పడదు.

బీరయ్యది మక్తల్ దగ్గర పల్లె. గొర్రెలు కాస్తాడు. జ్వరం ముదిరి, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకాక తీసుకొచ్చారు. వెంటిలేటర్ పెట్టి మత్తులో ఉంచాం. కిడ్నీలు దాదాపు ఆగిపోయాయి.

ఒక మధ్యాహ్నం ఇంటివాళ్లతో మాట్లాడటానికి కిందికి దిగాను. ఐసీయూ పై అంతస్తులో, ముందువైపు. వాళ్లేమో భవనం వెనక, క్యాంటీన్ గోడ పక్కన నేల మీద ఉన్నారు. పోయే ప్రాణం ఇంట్లోనే పోనీ అని బీరయ్య తమ్ముడు అప్పటికే బండి తెప్పించాడు.

భార్య అంజమ్మ "బతుకుతడా?" అని అడగలేదు. "డాక్టరమ్మా, మందను అమ్ముకోమంటవా, ఉంచుకోమంటవా?" అంది.

ఏ పుస్తకంలో ఉంది దీనికి జవాబు! నాకు శాతాలు చెప్పడం అలవాటు, ఆ రోజు అవి చెప్పలేదు. క్యాంటీన్‌లో నా కోసం తీసుకున్న చాయ్ ఆమెకిచ్చి పక్కనే కూర్చున్నాను. పోయే ప్రమాదమే ఎక్కువని ఉన్నదున్నట్టు చెప్పాను. పొద్దున్నుంచి మూత్రం కొంచెం కొంచెంగా వస్తోందనీ, ఆశ చిన్నదే అయినా ఉందనీ చెప్పాను. "మందను ఇప్పుడే అమ్మకు. ఇంకొంచెం చూద్దాం" అన్నాను. అంజమ్మ బండిని పంపేయమంది. మరిది గొణుక్కుంటూనే పంపాడు.

చెప్పానే గానీ, మనిషి పోతే వాళ్లకు ఏ ముఖం చూపించను?

బీరయ్య పోలేదు. మెల్లగా తేరుకున్నాడు. వెంటిలేటర్ గొట్టం తీసిన పొద్దున పక్కన నేనే ఉన్నాను, ఇంటివాళ్లను ఇంకా లోపలికి పిలవలేదు. అతను నన్ను తేరిపార చూసి, బొంగురు గొంతుతో అన్నాడు: "నీ చాయ్ మా అంజమ్మకిచ్చినవ్ గదమ్మా. బండి వచ్చిందంటె మస్తు భయమైంది నాకు. నువ్వు చూద్దాం అన్నంక జర నిద్రపట్టింది."

వెంటనే బయటికి వెళ్లాను.

నువ్వేమైనా చెప్పావా అని అంజమ్మను అడిగాను. "అద్దంల నుంచి చూసుడే గాని, లోపలికి రానిచ్చిన్రా మీరు?" అని నా మీదికే వచ్చింది. తమ్ముడూ అదే మాట. నర్సులకు ఆ చాయ్ సంగతే తెలియదు.

మత్తులో ఉన్నవాళ్లకు పక్కన మాటలు వినబడవచ్చని నేనూ చదివాను. కానీ కింద, భవనానికి అవతల ఇచ్చిన చాయ్ ఎట్లా కనబడుతుంది? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

ఇప్పుడు ఇంటివాళ్లకు ఏం చెప్పినా, పైకొచ్చి మంచం దగ్గర కూడా చెబుతాను. నర్సులు నవ్వుకుంటారు, నవ్వనీ. మొన్న దేవరకొండ నుంచి వచ్చిన ఒక ముసలామెకు కూడా చెప్పాను: "అవ్వా, కష్టంగానే ఉంది. మేం మాత్రం నిన్ను ఇడుస్తలేం." ఆమె వింటోందో లేదో నాకు తెలియదు. కానీ బీరయ్యలాగే భయపడుతూ పడుకుని ఉంటే ఎట్లా, చెప్పండి?