చిన్న మంట ఎన్నో నంబరు

మా ఇంట్లో వంట మా ఆయనది. పెళ్లయిన మూడో నెలలో నాకు ఉద్యోగం వచ్చింది. ఉదయం ఎనిమిదిన్నరకల్లా బస్సులో ఉండాలి. ఆయనకు తట్టాంచావడిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో లేత్ మెషిన్ మీద పని, ఎప్పుడూ రెండో షిఫ్టే. మధ్యాహ్నందాకా ఇంట్లో ఉండే మనిషి ఆయనే కాబట్టి వంట ఆయన చేతికి వచ్చింది. ఎవరూ కూర్చుని నిర్ణయించింది కాదు. మొదటి వారం మా అత్తగారు ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో వారం ఆయన చేసిన వంకాయ పులుసు రెండుసార్లు వడ్డించుకున్నారు. మా మరిది మాత్రం ముదలియార్‌పేటలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా వాకిట్లోనే అడిగేవాడు: "ఏం వదినా, ఈ ఇంట్లో తాళి ఎవరి మెడలో ఉండాది?" ఆయన లోపలినుంచే జవాబు చెప్పేవారు: "తిని పోయేవాడివి, నీకెందుకురా. కూచో."

నేను లెక్కల మనిషిని. ఆఫీసులో ముప్పై మూడేళ్లు బిల్లులు చూశాను. సిలిండర్ మార్చిన తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెడతాను. మా ఇద్దరికీ ఒక సిలిండర్ యాభై రెండు రోజులు వచ్చేది. ఆయన ఏదీ కొలవరు. ఉప్పు చేత్తో, నీళ్లు కంటితో. పొయ్యి దగ్గర ఆయనకొక అలవాటు ఉండేది. నాబ్ తిప్పాక నడుం వంచి, తల పక్కకు వాల్చి, గిన్నె అడుగున మంట ఎంత ఉందో చూసేవారు. వెంట్రుకవాసి తిప్పి మళ్లీ చూసేవారు. పప్పుకొక మంట, చేపల పులుసు దించే ముందు ఒక మంట, డికాక్షన్ నీళ్లకొక మంట. మొత్తం ఎన్ని రకాలని ఒకసారి అడిగాను. ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలేదు.

2021లో ఇద్దరికీ జ్వరం వచ్చింది. నాకు పదకొండో రోజున వాసన తిరిగివచ్చింది. సబ్బు వాసన ముందు తెలిసింది, తర్వాత కాఫీ. ఆయనకు రాలేదు. డాక్టరు కొన్ని నెలలు ఆగమన్నారు, ఆగాం. రోజూ లవంగం, నిమ్మతొక్క ముక్కు దగ్గర పెట్టుకోమన్నారు, అదీ చేశారు. ఏడాది దాటాక ఆ లవంగాల డబ్బాను తీసి మళ్లీ పోపుల పెట్టెలోనే పెట్టేశారు.

వంట మాత్రం ఆపలేదు. ముక్కు పోతే కళ్లు, చెవులు మిగిలాయి ఆయనకు. ఆవాలు చిటపటమనే చప్పుడు ఏ క్షణంలో పలచబడుతుందో వినేవారు. ఆ క్షణంలోనే కరివేపాకు వేసేవారు. ఉల్లిపాయ రంగు చూసేవారు. మంట చూసేవారు, మునుపటికంటే ఎక్కువసేపు. ధనియాలు వేయించేటప్పుడు మాత్రం నన్ను పిలిచేవారు. "ఏమే, వాసన పట్టి చెప్పు. పచ్చిదా, ఏగినాదా?" నేను పేపరు పక్కన పెట్టి వెళ్లి చెప్పేదాన్ని. ఇంకొంచెం అనేదాన్ని. చాలు అనేదాన్ని. అంతకుముందు మేమిద్దరం ఒకేసారి వంటింట్లో నిలబడిన రోజులు తక్కువ. ఇప్పుడు తలుచుకుంటే ఆ రెండేళ్లే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

ఒక ఉదయం కూరగాయలు తీసుకుని వచ్చాను. చెప్పులు విప్పుతుంటేనే వాసన కొట్టింది. సంచి గడపలోనే వదిలేసి లోపలికి వెళ్లాను. పప్పు పొంగి పొయ్యి మీదంతా కారింది, కింద మంట ఆరిపోయింది, నాబ్ తెరిచే ఉంది. ఆయన వెనక వరండాలో చేతులు కడుక్కుని అప్పుడే వచ్చినట్టున్నారు. మంట లేదని చూసి లైటర్ చేతికి తీసుకున్నారు.

"ఆ లైటర్ కింద పెట్టండి," అన్నాను.

నా గొంతు విని వెంటనే పెట్టేశారు. నేను నాబ్ కట్టేసి, సిలిండర్ కట్టేసి, కిటికీలన్నీ తీశాను. ఆయన గోడకు ఆనుకుని నిలబడి, నెమ్మదిగా చెప్పారు: "మంట లేదు. లేదని మల్లా ఎలిగించబోయినాను. అంతే గదా." ఆయనకు తెలిసినంతలో అందులో పొరపాటు లేదు. మంట లేకపోతే ఎవరైనా వెలిగిస్తారు.

ఇందిరా నగర్‌లో ఉండే మా అమ్మాయి ఆ సాయంత్రమే వచ్చింది. ఇక గ్యాస్ వద్దంది. ఆయన ఒప్పుకోలేదు. మీ అమ్మ ముక్కు ఉండాది గదా అన్నారు.

"అమ్మ మార్కెట్‌కు పోతే ముక్కు ఇంట్లో పెట్టిపోతాదా నాయనా?"

ఆయనే ముందు నవ్వారు. నవ్వినందువల్ల సగం ఒప్పుకున్నట్టయింది.

మొదట గ్యాస్ లీకయితే కూత పెట్టే పెట్టె ఒకటి కొని గోడకు బిగించాం. అది గ్యాస్‌కు కూస్తుందో లేదో తెలిసే అవకాశం రాలేదు గానీ, తాళింపు పొగకు కూసింది, సాంబ్రాణికి కూసింది, అమ్మాయి వచ్చి తల మీద ఏదో స్ప్రే కొట్టుకుంటే దానికీ కూసింది. కింది వాటాలో ఉండే ఆవిడ రెండుసార్లు పరుగెత్తుకొచ్చి, మూడోసారి రావడం మానేసింది. నాలుగో రోజున ఆయన దాని ప్లగ్గు పీకేశారు. కూసినా కూయకపోయినా ఒకటే అయినప్పుడు అది ఉండి లాభం లేదని నేనూ అనుకున్నాను.

ఇక గ్యాసా, కరెంటా అన్నది నా ముందుకు వచ్చింది. ఇలాంటివి మా ఇంట్లో ఎప్పుడూ నేనే తేల్చేదాన్ని. కరెంటు బిల్లు ముందు పెట్టుకుని, యూనిట్ ధర చూసి, రోజుకు ఎంతసేపు పొయ్యి వెలుగుతుందో రాసుకుని లెక్క వేశాను. కరెంటే కొంచెం ఎక్కువ తేలింది, నెలకు కిలో ఉల్లిపాయల ధర తేడా. ఆ డబ్బుకు ఇంట్లో పేలుడు భయం పోతుంది. సిలిండర్ మోయించే పని పోతుంది. కరెంటు పోయిన పూట పక్క హోటల్లో ఇడ్లీ తెచ్చుకోవచ్చు. కాయితం మీద ఎటు తిప్పి చూసినా లెక్క సరిగ్గానే ఉంది. ఇప్పుడు చూసినా సరిగ్గానే ఉంటుంది.

ఇండక్షన్ పొయ్యి మీద అన్ని గిన్నెలూ పనిచేయవని, అయస్కాంతం అంటుకునేవే పనికొస్తాయని అమ్మాయి చెప్పింది. ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ తీసుకుని వంటింట్లో అన్నిటికీ ఆనించి చూశాం. పందొమ్మిది గిన్నెల్లో అయిదింటికి అంటుకుంది. అల్యూమినియం డేగిసాలు, ఇత్తడి గిన్నె, పులుసు పెట్టే రాతిచట్టి, అన్నీ పక్కకు చేరాయి. ఆయన ఒక్కొక్కటే తీసుకుని చూస్తూ కూర్చున్నారు. చివర తాళింపు గరిటె ఆనించాం. ఇనుముది, పొడుగు కాడది, ఆయన తల్లి కాలంనాటిది. టప్పున అంటుకుంది. "ఇది చాలు పో," అన్నారు ఆయన. ఆ మాట విని నేను సిలిండర్లు తిరిగి ఇచ్చేయడానికి ఏజెన్సీలో కాయితం రాసిచ్చాను.

కొత్త పొయ్యి వచ్చిన రోజు ఆయన మొదట చేయబోయింది చారు తాళింపే. గరిటెలో నూనె వేసి నల్ల అద్దం మీద పెట్టారు. పొయ్యి మూడుసార్లు కుయ్యిమని ఆగిపోయింది. మళ్లీ పెట్టారు. మళ్లీ ఆగింది. పుస్తకం తీసి చదివాను. గిన్నె అడుగు కనీసం ఇంత వెడల్పు ఉండాలని ఒక కొలత రాసి ఉంది. గరిటె అడుగు నిమ్మకాయంత. అది ఇనుమే, కానీ ఆ పొయ్యి దాన్ని గిన్నె కింద లెక్కపెట్టదు.

తర్వాత మంట సంగతి. "చిన్న మంట ఎన్నో నంబరు?" అని అడిగారు. నేను అప్పటికే ఒక పూటంతా నీళ్లు పెట్టి చూసి ఉన్నాను. మూడు అన్నాను. పప్పుకు అయిదు, పొంగు వచ్చాక రెండు, అన్నానికి ఏడు. ఆయన చదివింది తమిళ బడిలో, తెలుగు చదవడం రాదు. అందుకని తమిళంలో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను. ఆయన మూడు నొక్కారు. అలవాటు ప్రకారం నడుం వంచి, తల పక్కకు వాల్చి, గిన్నె కింద చూశారు. అక్కడ చూడడానికి ఏమీ లేదు. కాసేపు అట్లాగే వంగి ఉండి లేచారు.

"మూడుకూ నాలుగుకూ నడుమ ఏముండాది?"

"ఏమీ లేదు. మూడు, ఆ తర్వాత నాలుగు."

"నాకు కావాల్సింది ఆ నడుమదే," అన్నారు. కోపంగా కాదు. దుకాణంలో లేని సరుకు అడిగి, లేదంటే సరే అన్నట్టు అన్నారు.

ఆయన చెయ్యి ఊరికే ఉండదు. బాణలి ఎత్తి ఒక తిప్పు తిప్పి పెట్టడం ఆయన పద్ధతి. ఎత్తితే పొయ్యి ఆగిపోతుంది. తిరిగి పెట్టాక మళ్లీ అందుకుందో లేదో ఆయనకు తెలియదు, మంట ఉంటే తెలిసేది. రెండు పూటలు బెండకాయ ఉడికీ ఉడకక జిగురుగా మిగిలింది. మొదట తాళింపు నన్ను వేయమన్నారు. తర్వాత అన్నం నన్ను పెట్టమన్నారు, నంబర్లు నీకే బాగా తెలుసు గదా అని. తర్వాత కూరలు తరిగిచ్చి వెళ్లి ముందు గదిలో కూర్చునేవారు. ఆయన మానేస్తానని చెప్పిన రోజు ఏదీ లేదు. అందుకే ఆ తేదీ నా దగ్గర లేదు.

ఆ పొయ్యి నా భాషలో మాట్లాడింది. నంబరు, నిమిషాలు, అంతే. నేను జీవితంలో మొదటిసారి వంట చేశాను, తప్పుల్లేకుండా చేశాను. పప్పు ఒక రోజు ఎలా ఉంటే మర్నాడూ అలాగే ఉండేది. ఆయన తన వంటకు తానే వంకపెట్టే మనిషి. పులుపు ముందుకొచ్చింది, ఒక పొంగు ఎక్కువైంది, ఏదో ఒకటి అనకుండా ఎప్పుడూ ముద్ద దిగేది కాదు. నా వంట తిని ప్రతి పూటా బాగుంది అన్నారు. ఒకరోజు ఉప్పు వేయడమే మరిచాను. ఆయనకు రుచి సగం తెలియదన్నది నిజమే, కానీ ఉప్పు తెలుస్తుంది. ఆ రోజూ బాగుందన్నారు. ఆ మాటకు నేను చెంబు తీసుకుని వెనక వరండాలోకి వెళ్లిపోయాను.

ఇలా దాదాపు రెండేళ్లు గడిచాయి. మొన్న కింది వాటా ఆవిడ కోడలు కొత్త గ్యాస్ పొయ్యి కొనుక్కుని, చూసిపొమ్మని పిలిచింది. వెలిగించి చూపింది. తర్వాత, "ఇది చూడండి అత్తా," అని వంగి ఉఫ్ అని ఊది మంట ఆర్పేసింది. నా చెయ్యి దానంతటదే నాబ్ మీదికి పోయింది. ఆ పిల్ల నన్ను ఆపి లెక్కపెట్టమంది. కొన్ని అంకెలు లెక్కపెట్టానో లేదో, లోపల టక్‌మని చిన్న చప్పుడు వచ్చింది. మంట ఆరితే గ్యాస్ తనంతట తానే ఆగిపోయే పొయ్యట. కొత్తదా అని అడిగాను. లేదత్తా, చాలా ఏళ్లుగా ఉన్నాయి, యాడంటే ఆడ దొరకవు, అడిగితే తెప్పించిస్తారు అంది.

నేను అడగలేదు. యూనిట్ ధర అడిగాను, గ్యారంటీ ఎన్నేళ్లని అడిగాను, డిపాజిట్ ఎంత తిరిగొస్తుందని అడిగాను. వాసన తెలియని మనిషి మంట మీదే వండుకోవడానికి ఏదైనా దారి ఉందా అని దుకాణంలో ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. నా లెక్కలో గ్యాస్ ఉంది, కరెంటు ఉంది. ఆయన వంట అనే వరుస నేను గీయలేదు.

పైకి వచ్చి ఆయనకు చెప్పాను. ఆయన పేపరు దించి విన్నారు.

"నీకు ఇప్పుడు అలవాటైపోయింది గదే. మల్లా ఎందుకు మార్చేది?"

"నాకు అలవాటు కాలేదు. ఎప్పుడూ కాలేదు."

"బాగానే చేస్తాండావు," అన్నారు, నన్ను ఓదార్చినట్టు. వంటిల్లు నా నుంచి తిరిగి లాక్కున్నట్టవుతుందని ఆయన వెనకాడుతున్నారని అప్పుడు తెలిసింది.

ఆయన మాట వినకుండా కనెక్షన్‌కు మళ్లీ దరఖాస్తు పెట్టాను. అమ్మాయి అలాంటి పొయ్యినే తెప్పించింది. సిలిండర్ వచ్చిన రోజు పొద్దున చారు కాచి, దించి, ఆయన్ని పిలిచాను. తాళింపు గరిటె తోమి పక్కన పెట్టాను. ఆయన ముందు మంటను ఊది, టక్‌మనేదాకా ఆగి, మెచ్చుకున్నట్టు తల ఊపారు. మళ్లీ వెలిగించారు. తగ్గించారు. నడుం వంచి చూశారు. ఈసారి ఒక చెయ్యి గట్టుకు ఆనించుకోవాల్సి వచ్చింది. నూనె కాగింది, ఆవాలు వేశారు. చిటపటలాడాయి. నేను ఆయన చేతిలోని కరివేపాకు వైపే చూస్తున్నాను. చప్పుడు పలచబడింది, ఆయన వింటూనే ఉన్నారు. చప్పుడు ఆగిపోయింది. ఆయన ఇంకా వింటున్నారు. ఆవాలు నల్లగా మాడి పొగ లేచింది. ఆ వాసన నాకు తెలిసింది, ఆయనకు తెలియలేదు. నేను నోరు తెరవలేదు, ఆయనే చూస్తారని.

పొగ చూశాక పొయ్యి ఆర్పేశారు. గరిటెలోకి కాసేపు చూసి, తీసుకెళ్లి సింకులో బోర్లించారు.

"ఇంకొకసారి వేయండి," అన్నాను. "ఆవాలు శానా ఉండాయి."

"ఉండాయి," అన్నారు. "రోజూ చేస్తా ఉంటే చెవికి తెలస్తాది. ఇంగ నువ్వే చేయి."

తడి గరిటెను తుడిచి నా చేతికిచ్చి ముందు గదిలోకి వెళ్లారు. నేను దాన్ని పట్టుకుని నిలబడ్డాను. ఆ మంట మీద చిన్నదంటే ఎంతో నాకు తెలియదు, అక్కడ నంబర్లు లేవు. ఆయన్ని పిలిచి అడగడానికి నోరు రాలేదు. ఆ పూట చారు తాళింపు లేకుండానే తిన్నాం.