అయివారు నా నెత్తిన పెట్టిపోయిన తిన్నె

పోతే పోయినాడు, పోనీ అనుకుందాం. పోయేటోడు గమ్మున పోవాల గదా? పలకలు, సుద్దముక్కలు, ఒక తిన్నె, ఆ తిన్నె మీద కూచునే జనం, అన్నీ నా నెత్తిన పెట్టిపోవడం ఏంది? నేను నూనె అమ్ముకునేటోడిని. నన్నెవరైనా అడిగినారా?

మా పక్కింటి అయివారు పోయిన నెల పోయినాడు. పొద్దున్నే ఆయనకి గంజి తీసుకుపోయిన మా ఇంటామె చెంబుతో అట్లే తిరిగొచ్చింది. "తాగలేదా?" అన్నా. "ఇంక తాగరు" అనింది. చెంబు కింద పెట్టి, సరిగ్గానే ఉన్న మూతని చాలాసేపు సరిచేస్తా నిలబడింది. అట్లా తెలిసింది నాకు.

నాలుగు మంచి మాటలు రాయమంటా ఉండారు అందరూ. ఒర్లియంపేటలో మా వీధి వీధంతా ఇప్పుడు ఆయన్ని పొగడతా ఉండాది. నాకు పొగడడం రాదు. ఏండ్ల తరబడి నాతో పోట్లాడిన మనిషితో ఆఖరుసారి పోట్లాడే వంతు నాది, అందుకు రాస్తా ఉండా.

పగలు ఆయన కాలువ అవతల, ఈ ఊరేలే ఫ్రెంచి దొరల బడిలో వాళ్ళ భాష చెప్పేవాడు. సాయంత్రం మిల్లు వదిలే సంగు ఊదినాక, మా రెండిండ్ల ముందరా కలిసున్న తిన్నె మీద మిల్లు పనోళ్ళకీ, పూలమ్మేవాళ్ళకీ తెలుగు అక్షరాలు చెప్పేవాడు. ఊరంతా అరవం మాట్లాడినా మన ఇండ్లల్లో తెలుగు మాట్లాడేది తాతల కాలం నించీ ఉండాది గానీ, రాయమంటే మనోళ్ళల్లో సగం మందికి చెయ్యి రాదు. పని మంచిదే, కాదనను. ఆయన పట్టిన దారే నాకు గిట్టలా.

ఒకసారి ఓడలో ఆయనకి ఒక పుస్తకం వచ్చింది. అమెరికాలో ఎవరో పండితులు చెప్పిన సంగతంట, ఫ్రెంచిలోకి దించినారంట. దాని పేరు ప్రాగ్మటిజం. ఆ పేరు నా నోట్లో కుదురుకునేదానికే ఒక వానాకాలం పట్టింది. ఒక మాట నిజమా కాదా అనేది ఊరికే మాటని చూసి తేల్చలేమంట. దాన్ని నమ్మి నడిచి చూడాలంట. నడిస్తే ఏం జరుగుతాదో, నడవకపోతే ఏం తేడా వస్తాదో, దాంట్లో తెలుస్తాదంట నిజం. ఏ తేడా రాకపోతే ఆ పోట్లాటే దండగంట.

ఆ పుస్తకం వచ్చినాక మనిషి చెడినాడు. "ఈ పొద్దు ఎండ జాస్తి" అన్నా కూడా "అయితే ఏం చేద్దాం శెట్టీ?" అనేవాడు. ఎండ మీద సణుక్కునే సుఖం కూడా నాకు దక్కనియ్యలా.

నేనేం ఊరుకోలా. "అయివారూ, మంచి నూనె అని చెప్పి ఒకడికి పాత నూనె అంటగడతా. వాడు సంతోషంగా పోతాడు, నా సరుకు పోతాది. ఇద్దరికీ పని జరిగె. అయితే నా మాట నిజమైపోయిందా?" అన్నా.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "వాడు ఇంటికి పోయి వడ వేసినాక అడుగుదాం."

తిన్నె మీద ఉన్నోళ్ళంతా నవ్వినారు. నా అంగడి ముందర, నా నూనె మీద!

ఇంకోసారి మారెమ్మ సంగతి తీసినా. "అమ్మోరు ఉండాదా లేదా? ఒక్క మాట చెప్పండి."

"ఆమె పటం ముందర నువ్వు తప్పు తూకం వేస్తావా?"

"చచ్చినా వెయ్యను."

"అయితే నీ అంగడిలో ఉండాది."

"అంగడిలో కాదయ్యా, పైన, పైన ఉండాదా?"

"పైన నాకు అంగడి లేదు శెట్టీ, నేనెట్లా చెప్పేది?"

ఇది జవాబా? ఉండాది అనేవాళ్ళకీ ఆయన మీద కోపమే, లేదు అనేవాళ్ళకీ కోపమే. ఒక్క మాటతో ఇద్దరికీ కోపం తెప్పించేదానికి ఎంత చదువు కావాల్నో చూడండి.

ఒక్కసారి మాత్రం గెలిచినా. "జరిగే మాటే నిజమైతే, ఈ ఊళ్ళో జరిగేది దొరల మాట. అయితే వాళ్ళదే నిజం, మనది అబద్ధం. అంతేనా?" అన్నా. ఆయన ఆ పొద్దు పలకలు తొందరగా సర్దించేసినాడు. మర్నాడు నేను అంగడి తెరవకముందే వచ్చి నిలబడినాడు. "జరగడం అంటే ఎవరికి జరగడం? అది కూడా అడగాల శెట్టీ. నాకు తట్టలా, నువ్వు తట్టించినావు" అన్నాడు, మొగమంతా వెలుగుతా. ఓడిపోయినోడు అంత సంతోషంగా ఉంటే గెలిచి ఏం లాభం?

అన్నిటికన్నా నాకు మంట పుట్టించింది ఆయన చదువు చెప్పే తీరు. నాది పల్లెటూరి వీధిబడి చదువు. ఇసకలో ఓనమాలు దిద్ది దిద్ది వేలు అరిగి, వీపు వాచి, ఆ తర్వాత గదా మాటలు రాయడం వచ్చింది! ఈయన పూలమ్మే ఆమెకి మొదటి పొద్దే "మల్లె" అని రాసిచ్చినాడు. అ రాదు, ఆ రాదు, నేరుగా వత్తు అక్షరం.

"ఇదేం అన్యాయం అయివారూ?"

"ఆమె అమ్మేది మల్లెలు. అ ని ఎవరు కొంటారు?"

ఆమె ఆ పలకని పూలగంపలో నిలబెట్టుకుని వీధులన్నీ తిరిగింది. చదవను రానోళ్ళు కూడా ఆగి, అదేంది అని అడిగి, మూర కొనుక్కుని పోయినారు. నేను కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలా.

జలుబు మాదిరి ఆయన మాటలు వీధంతా అంటుకున్నాయి. రాహుకాలం, కాసేపు ఆగు అంటే మా ఇంటామె, "పోయిన వారం ఆగకుండా పోయినాం గదా, ఏం తేడా వచ్చె?" అంటాది. మిల్లులో మనోళ్ళు మేస్త్రీని పట్టుకుని, "కిటికీలు మూసిపెడితే ఎవరికి లాభం?" అని అడిగినారంట. రెండు కిటికీలు తెరిచినారంట, దూది దుమ్ము కొంచెం తగ్గిందంట. వీధంతా అయివారి గొప్పే అనింది. ఆ "ఎవరికి" అనేది నాదని ఒక్కరు కూడా అనలా.

ఆఖర్న దగ్గు పట్టుకుని లేవలేకపోయినాడు. ఒక మధ్యాన్నం నేను గంజి తాగిస్తా ఉంటే అడిగినాడు.

"శెట్టీ, తిన్నె మీద చదువు ఆగిపోతాదా?"

"ఎందుకు ఆగుతాది? నేనుండానుగా" అన్నా.

అబద్ధం. పచ్చి అబద్ధం. నాకు ఆ ఉద్దేశం ఒక్క నువ్వుగింజంత కూడా లేదు. పోయే మనిషి మనసు చల్లగా ఉండాలని అన్నా. ఎవరైనా అనేదే.

ఆయన నా మొగం చూసినాడు. నవ్వబోయి దగ్గినాడు. "నమ్మకుండా చెప్పినావు. పర్వాలేదులే. అది ఇంకా అబద్ధం కాలా, నిజమూ కాలా. నేను పోయినాక నువ్వేం చేస్తావో, దాన్ని బట్టి అవతాది."

ఎంత మోసం! నా నోట్లోంచే ఒక మాట లాగి, దాన్ని తీసుకుపోయి నా మెడకే కట్టినాడు. అట్లా కుదరదయ్యా, చెప్పిన పొద్దు అబద్ధమైతే ఎప్పటికీ అబద్ధమే అని ఆడికాడే అనాల్సింది. చేతిలో గంజి ఉండె. తాగినాక చెప్దాంలే అనుకున్నా. తాగినాక కునుకు పట్టింది ఆయనకి. సరే, తెల్లారి చెప్దాంలే అనుకున్నా. తెల్లారి మా ఇంటామె చెంబుతో తిరిగొచ్చింది.

కర్మలు అయినాక ఒక సాయంత్రం, సంగు ఊదినాక, పూలమ్మే ఆమె పలకతో వచ్చి తిన్నె మీద కూచునింది. వెనకాలే మిల్లోళ్ళు.

"ఇంటికి పోండమ్మా. ఎవరు చెప్తారు ఇంక?" అన్నా.

"నువ్వు చెప్తానన్నావంట గదా శెట్టన్నా. పోయే ముందురోజు సాయంత్రం నేను చూడనొస్తే అయివారే చెప్పినారు."

మా ఇంటామె అప్పటికే చాప పరిచేసింది.

"సరే, నా పద్ధతిలో చెప్తా, మొదటి నించీ" అన్నా కక్షగా. ఇంతలావు అ రాసినా. పూలమ్మే ఆమె తల వంచి చూసింది. "బాగుండాదన్నా. ఇది యాడ పనికొస్తాది?" అనింది. ఆ పొద్దు "కనకాంబరం" రాసిచ్చి పంపినా. ఆయన పద్ధతి ఒప్పుకుని కాదు. చీకటి పడతా ఉండె, అందుకని.

తిన్నె వెనక గోడకి, ఆయన తల ఆనించే చోట, గుండ్రంగా నూనె మరక ఉండాది. నా అంగడి నూనే. ఏటా సున్నం కొట్టిస్తా, ఏటా అది సున్నంలోంచి పైకొస్తాది. ఇప్పుడు నేను దానికి కొంచెం పక్కకి జరిగి కూచుంటా ఉండా, నా తల దాని మీద ఆనకుండా.

ఇంతకీ ఆయనకి చెప్పాల్సిన జవాబు నాకాడే మిగిలిపోయింది. వీధిలో అందరూ వినండి. ఆ పొద్దు నేను చెప్పింది అబద్ధం. ఇట్లా రోజూ వచ్చి తిన్నె మీద కూచున్నంత మాత్రాన అది నిజం కాలా, కాబోదు. ఎందుకంటే...

"శెట్టన్నా! దీపం పెట్టి, పలకలు తుడుచుకుని కూచుండాం. యాడుండావ్?"

వస్తా ఉండానమ్మా, ఉండు. ఎందుకంటే, ఆ మాట చెప్పిన పొద్దు నా మనసులో...