మా కమిటీ ఎక్కడుందిగారు

మా చైర్మన్‌గారిలో వంక పెట్టడానికి ఒక్కటే ఉంది. ఎవరు ఏ వస్తువు పేరెత్తినా, ఆ మాట వాళ్ళ నోట్లో ఉండగానే "అది ఇప్పుడెక్కడుంది?" అనేవారు. ఎందుకు కొన్నారు, ఎంతకు కొన్నారు, కొన్న రోజున ఎవరెవరు చప్పట్లు కొట్టారు, ఇవేవీ ఆయనకు పట్టవు. శాసనసభ భవనంలో లిఫ్టు నడిపే మనిషి మొదలు స్పీకరుగారి దాకా అందరూ ఆయన్ని వెనకాల "ఎక్కడుందిగారు" అనేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఒకసారి ఎవరో కొత్త గుమస్తా ఫోనులో పొరపాటున "ఎక్కడుందిగారున్నారా అండీ?" అని అడిగితే, "మాట్లాడుతున్నాను, చెప్పు నాయనా" అన్నారు.

మాది ప్రజాపద్దుల కమిటీ. ప్రభుత్వం చేసే ఖర్చును ఆడిటర్లు తరచి చూసి, తేడా కనిపించిన చోటల్లా ఒక పేరా రాస్తారు. ఆ పేరాలు ముందు పెట్టుకుని శాఖల కార్యదర్శుల్ని పిలిచి సంజాయిషీ అడగడం కమిటీలో ఉన్న పదకొండు మంది శాసనసభ్యుల పని. ఆ గదిలో ఎవరేమన్నా పొల్లు పోకుండా షార్ట్‌హ్యాండులో దింపుకోవడం నా పని. చైర్మన్ కుర్చీ ప్రతిపక్షానికివ్వడం ఆనవాయితీ. ఆయన పార్టీ వరసగా రెండుసార్లు ఓడిపోవడంతో ఆయన తొమ్మిదేళ్ళు ఆ కుర్చీలోనే ఉండిపోయారు. తొమ్మిదేళ్ళూ నేను ఆయన ఎడమ చేతి పక్కన కూర్చున్నాను.

రాజకీయాల్లోకి రాకముందు ఆయన పశువుల డాక్టరు. "నా రోగులెవరూ నొప్పి ఎక్కడో నోరు విప్పి చెప్పరమ్మాయ్. యజమాని చెప్పేది విని మందు రాస్తే యజమానికి నయమవుతుంది, గేదెకు కాదు" అని మొదటి రోజే నాతో అన్నారు. అప్పుడు నాకేం అర్థం కాలేదు. పడవ పేరా వచ్చినప్పుడు అర్థమైంది.

జలాశయంలో గస్తీ తిరగడానికి నీటిపారుదల శాఖ ఒక మోటారు పడవ కొంది. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా దానికి చమురు కొనలేదని ఆడిటర్లు రాశారు. ఆ శాఖ కార్యదర్శి రెండడుగుల ఎత్తు ఫైళ్ళతో వచ్చారు.

"పడవ ఇప్పుడెక్కడుంది?"

"స్టాకు రిజిస్టరులో ఉంది సర్."

"పడవా? రిజిస్టరులో ఎలా పట్టిందండీ?"

"అంటే, పద్దు రిజిస్టరులో ఉంది సర్. పడవ డివిజను కార్యాలయంలో ఉంది."

"కార్యాలయంలో ఎక్కడ? మేడ మీదా, కిందా?"

కార్యదర్శి వెనక్కి తిరిగి చూశారు. ఆయన వెనకున్న ఇంజనీరు తన వెనక్కి తిరిగి చూశాడు. అతని వెనక గోడ ఉంది.

మర్నాడు పొద్దున్నే సభ్యులు పదకొండు మంది, నాతో కలిపి పన్నెండు మందిమి, వ్యానులో డివిజను కార్యాలయానికి వెళ్ళాం. అక్కడి ఇంజనీరు అన్ని గదులూ తెరిచి చూపించాడు. స్టోర్ రూమూ చూపించాడు, పంపుల షెడ్డూ చూపించాడు. పడవ లేదు. చైర్మన్‌గారు ఎండ తగలకుండా స్కూటర్లు పెట్టుకునే చోట నిలబడి చెమట తుడుచుకుంటూ పైకి చూశారు. చూసి, చేతికర్రతో పైకప్పును టకటకా రెండుసార్లు కొట్టారు.

"ఇంజనీరుగారూ, మీ స్కూటరు ఏది?"

"ఇదే సర్, ఈ నీలంది."

"ఎన్నాళ్ళ నుంచి ఇక్కడ పెడుతున్నారు?"

"వచ్చిన దగ్గర్నుంచీ సర్. నాలుగేళ్ళు."

"మంచిది. నాలుగేళ్ళుగా పడవ వాడుకలోనే ఉందన్నమాట."

అందరం పైకి చూశాం. నాలుగు ఇనప స్తంభాల మీద బోర్లించిన పడవ. పక్కన దాని పేరు కూడా తలకిందులుగా కనిపిస్తోంది. ఆ రోజు ఇంజనీరు స్కూటరు అక్కడే వదిలేసి ఇంటికి బస్సులో వెళ్ళాడని విన్నాను.

ఈ అలవాటు కమిటీ గదిలో వదిలి ఇంటికెళ్ళే రకం కాదాయన. ఆయన కూతురు తను ఇష్టపడ్డ అబ్బాయిని పరిచయం చేయడానికి ఇంటికి తీసుకొచ్చింది. ఆ రోజు ఏవో కాగితాల మీద సంతకాల కోసం నేను కూడా అక్కడే ఉన్నాను. అబ్బాయి మంచివాడు, కాస్త బెరుకు మనిషి. తనకు భవన నిర్మాణంలో డిగ్రీ ఉందని చెప్పాడు.

"ఎక్కడుంది?" అన్నారు చైర్మన్‌గారు.

"ఇంట్లో అండీ. బీరువాలో."

"బీరువా ఎక్కడుంది?"

"అమ్మావాళ్ళ గదిలో అండీ."

"తాళం?"

కూతురు "నాన్నా" అంది, పళ్ళ మధ్య నుంచి. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఆ అబ్బాయి డిగ్రీ పట్టా, మార్కుల జాబితా, చిన్నప్పుడు పరుగు పందెంలో గెలిచిన కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చైర్మన్‌గారు కప్పును అటూ ఇటూ తిప్పి చూసి, "వస్తువు ఉంది" అన్నారు. పెళ్ళికి ఆయన ఒప్పుకోవడమంటే అదేనని అమ్మగారు ఆ అబ్బాయికి విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

అమ్మగారంటే చైర్మన్‌గారి భార్య. ఓసారి టీ ఇస్తూ నాతో అంది: "ముప్పై రెండేళ్ళయింది తల్లీ మా పెళ్ళయి. గరిటె ఎక్కడుంది, గొడుగు ఎక్కడుంది, చివరికి పోయినేడు అరిగిపోయిన సబ్బు ఎక్కడుందని కూడా అడిగారు. నువ్వెక్కడున్నావని ఒక్కనాడూ అడగలేదు."

"మీరెప్పుడూ ఇక్కడే ఉంటారు కదండీ" అన్నాను.

"ఆయనా అదే అన్నారు" అంది.

కమిటీలో ఆయనకు పూర్తిగా ఎదురు మనిషి ఒకాయన ఉండేవాడు. మైకు అవసరం లేని గొంతు కాబట్టి ఆయనకు "మైకు" అని పేరు. ఆయన ప్రశ్న కూడా ఒకటే: "బాధ్యులెవరు?" అది అడుగుతూ బల్ల మీద ఒక్క గుద్దు గుద్దేవాడు. నా పెన్సిలు గెంతేది. విలేకరులకు ఆయనంటే ప్రాణం. మర్నాడు పేపర్లలో ఆయన ఫోటో, ఎత్తిన పిడికిలి, కింద ఎవరో చిన్న ఉద్యోగిని సస్పెండు చేశారన్న వార్త. మా చైర్మన్‌గారి ఫోటో ఎప్పుడైనా పడితే, ఏదో గోడౌనులో వంగి బల్ల కింద చూస్తూ ఉండేది. ముఖం కనిపించేది కాదు. నిజం చెప్పాలంటే నాక్కూడా ఒక్కోసారి విసుగొచ్చేది. దొంగను పట్టుకోమని కూర్చోబెడితే ఈయన చెప్పులు వెతుకుతున్నాడేమిటా అనుకునేదాన్ని.

ఇంక్యుబేటర్ల పేరా వచ్చేదాకా అలాగే అనుకున్నాను.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలవి. ఒక జిల్లా ఆసుపత్రికి ఆరు కొన్నారు. ఆడిటర్లు వెళ్ళేసరికి ఒక్కటీ లేదు. అలా పుట్టిన పిల్లల్ని మూడు గంటల దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి అంబులెన్సులో పంపుతున్నారని, దారి పొడుగునా నర్సు బిడ్డను తన ఒంటికి హత్తుకుని కూర్చుంటోందని కూడా ఆ పేరాలో ఉంది. ఆడిటర్లు మామూలుగా అలాంటివి రాయరు.

ఆరోగ్యశాఖ కార్యదర్శి ఆ రోజు చాలా తేలిగ్గా వచ్చారు. చేతిలో పలచటి ఫైలు ఒక్కటే.

"ఈ విషయంలో బాధ్యురాలిని గుర్తించాం సర్. వెంటబెట్టుకుని కూడా వచ్చాం."

చివరి వరసలో ఒకావిడ లేచి నిలబడింది. ఆ ఆసుపత్రి స్టోర్ కీపరు. నెరిసిన జుట్టు, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్న హ్యాండు బ్యాగు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతుందట.

"ఆరు పెట్టెలు ముట్టాయని సంతకం పెట్టింది ఎవరు?" మైకు బల్ల గుద్దాడు.

"నేనే అండీ."

"మరి పోగొట్టింది ఎవరు?"

ఆవిడ జవాబు చెప్పేలోపే, పింఛను ఆపేస్తున్నామని కార్యదర్శి ఆవిడ తరఫున తానే ముగించబోయారు.

"మీరు కూర్చోండమ్మా" అన్నారు చైర్మన్‌గారు. "కార్యదర్శిగారూ, అవి ఇప్పుడెక్కడున్నాయి?"

"పోయాయి సర్. అందుకే కదా..."

"ఎక్కడికి పోయాయి? ఒక్కోదాన్ని ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఈవిడ బ్యాగులో పెట్టుకుని వెళ్ళలేదు గదా. వ్యాను తీయమనండి."

కార్యదర్శినీ, స్టోర్ కీపరునీ వెంటబెట్టుకుని మధ్యాహ్నం రెండింటికి ఆసుపత్రిలో ఉన్నాం. చైర్మన్‌గారు పెద్ద డాక్టరు గదికి వెళ్ళలేదు. నేరుగా స్టోర్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి దాని వెడల్పు చేతికర్రతో కొలిచారు. "ఇందులోంచి వెళ్ళాలంటే పక్కకు తిప్పాలి. తిప్పిన మనిషికి గుర్తుంటుంది" అన్నారు. అక్కడి నుంచి క్యాంటీనుకు వెళ్ళి, టీ తాగుతున్న లారీ డ్రైవరు పక్కన కూర్చున్నారు.

"గాజు మూతలున్న పెట్టెలు, ఆరు. ఎప్పుడైనా ఎక్కించావా బాబూ?"

"ఒకసారా అండీ? ఎన్నిసార్లో ఎక్కించాను."

ఆ డ్రైవరు చెప్పింది విన్నాక కార్యదర్శిగారు తన టీ పక్కన పెట్టేశారు. కొత్త ఆసుపత్రి ఒకటి తెరిచే రోజున అక్కడ పరికరాలింకా రాలేదు. మంత్రిగారు వచ్చేసరికి గదులు ఖాళీగా ఉంటే బాగుండదని, ఒక్కపూటకు ఇవ్వమని పైనుంచి ఫోను చేసి ఈ ఆరు పెట్టెల్నీ తెప్పించారు. రిబ్బను కత్తిరించారు, ఫోటోలు తీశారు. మరుసటి వారం ఇంకో ఆసుపత్రి తెరిచారు. పెట్టెలు ఇటు రాకుండా అటు వెళ్ళాయి. అలా ఐదు ఊళ్ళలో ఐదు ప్రారంభోత్సవాలు జరిగాయి. ఆరు పెట్టెలు ఫోటోల్లో ముప్పై అయ్యాయి. ఒక్క బిడ్డ కూడా వాటిలో పడుకోలేదు.

"చివరిసారి ఎక్కడ దించావు?"

"వేదికలు కట్టే కాంట్రాక్టరు గోడౌనులో అండీ. మళ్ళీ ఎప్పుడైనా అవసరమొస్తాయి, కుర్చీలతోపాటే ఉంచమన్నారు."

గోడౌనులో ప్లాస్టిక్ పూలదండల వెనక, చుట్టిపెట్టిన ఎర్ర తివాచీ పక్కన ఉన్నాయి ఆరూ. ఒకదానికి రిబ్బను ముక్క ఇంకా వేలాడుతోంది. గోడకు ఐదు ప్రారంభోత్సవాల ఫోటోలూ తగిలించి ఉన్నాయి. ప్రతి దాంట్లోనూ మంత్రిగారి పక్కన కత్తెర పళ్ళెం పట్టుకుని నిలబడ్డది మన కార్యదర్శిగారే.

చైర్మన్‌గారు కళ్ళజోడు సవరించుకుని ఐదూ వరసగా చూశారు. "ఫోటోల్లో మీరు చక్కగా పడ్డారండీ" అన్నారు. కార్యదర్శిగారు తన ఫైలు తనే మూసుకుని, ఫోను ఉత్తర్వు ఇచ్చింది తన కార్యాలయమేనని నాతో రాయించారు. మైకు బల్ల కోసం చుట్టూ చూశాడు గానీ అక్కడ బల్ల లేదు.

పెట్టెలు లారీలోకి ఎక్కిస్తుంటే నేను ఉండబట్టలేక అడిగాను. "సర్, తొమ్మిదేళ్ళుగా రాసుకుంటున్నాను. మీరు ఒక్కసారి కూడా ఎవరు అని అడగలేదు. ఎందుకని?"



"ఒకసారి అడిగానమ్మాయ్. పశువుల ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో. మందుల పెట్టె ఒకటి కనిపించలేదు. ఎవరు తీశారని గట్టిగా అరిచాను. అందరూ కలిసి మా అటెండరును ముందుకు తోశారు. వాడు తల దించుకుని నిలబడ్డాడు. తల దించుకున్నాడు కాబట్టి వాడే అనుకున్నాను. ఉద్యోగం పోయింది. రెండు నెలల తరవాత ఆ పెట్టె నా జీపు సీటు కింద దొరికింది. నేనే పెట్టి మరిచిపోయాను."

"అయ్యో. మరి అతను?"

"మళ్ళీ ఉద్యోగంలో పెట్టించడానికి పదకొండు నెలలు తిరిగాను. వాళ్ళింటికి వెళ్ళి తప్పయిందని చెబితే ఏమీ అనకుండా టీ ఇచ్చి పంపాడు. ఆ టీ నాకింకా అరగలేదు." చేతికర్ర లారీలో పెట్టారు. "ఎవరు అంటే, గదిలో అందరికన్నా వెనక కూర్చున్నవాళ్ళని లేపి నిలబెడతారమ్మాయ్. ఎక్కడ అంటే, ముందు వరసవాళ్ళు లేవాలి."

ఆ మాట అని, ఆ వయసులో, డ్రైవరు పక్క సీటులోకి ఎక్కి కూర్చున్నారు. పెట్టెలు ఆసుపత్రికి చేరేదాకా దిగనన్నారు.

మేం చేరేసరికి స్టోర్ కీపరు గుమ్మంలోనే ఉంది. చేతిలో బ్యాగు లేదు, పుస్తకం ఉంది. ఆరు పెట్టెల్నీ దింపించి, ప్రతి దాని నంబరూ చదివి సరిచూసుకుంది. ప్లగ్గు పెట్టించి వేడెక్కుతోందో లేదో చెయ్యి ఆనించి చూసింది. అప్పుడు చైర్మన్‌గారి ముందుకొచ్చి నిలబడింది. కృతజ్ఞతలు చెబుతుంది కాబోలని మేమందరం కాస్త వెనక్కి జరిగాం.

"సంతకం పెట్టండి సర్" అంది.

"నేనా?"

"తెచ్చింది మీరే కదండీ. ఇకమీదట సంతకం లేకుండా నా గుమ్మంలోంచి ఏదీ రాదు, ఏదీ పోదు."

ముఖ్యమంత్రి చేతే నీళ్ళు నమిలించిన మనిషి బుద్ధిగా పెన్ను తీసి సంతకం పెట్టారు. ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని చూసింది.

"తేదీ వెయ్యలేదు సర్."

వేశారు.

"పేరు విడిగా రాయాలండీ. ఇలా గీస్తే రేపు ఆడిటర్లు చదవలేరు."

ఆయన పిల్లాడిలా నాలుక కొస బయటపెట్టి, ఒక్కో అక్షరం గుండ్రంగా దిద్ది రాశారు. ఆవిడ మళ్ళీ చదివి, సరేనన్నట్టు పుస్తకం మూసి, "ఇక మీరు వెళ్ళొచ్చు" అంది.

తిరుగు ప్రయాణంలో ఆయన వ్యాను కిటికీ పక్కన కూర్చుని, తనలో తనే నవ్వుకుంటూ, దారి పొడుగునా అదే చెప్పారు. "చూశావా అమ్మాయ్, పేరు విడిగా రాయమంది. ఏం మనిషి, ఏం మనిషి."